బృందం వదిలిన గొంతు

మా ఆర్కెస్ట్రాలో పాడే కుర్రాడు 1993లో దసరాకు ఆరు రోజుల ముందు వెళ్లిపోయాడు. అప్పటికి నాలుగు ఊళ్లలో ప్రోగ్రాములు ఒప్పుకుని బయానా తీసుకుని ఉన్నాం. వ్యాను మాట్లాడుకున్నాం. ఏ పాటకు ఏ శ్రుతి అని కీబోర్డు వాయించే అబ్బాయి నోటుపుస్తకంలో గుర్తులు పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం రిహార్సల్‌కు గాయకుడు రాలేదు. మరునాడు పొద్దున వాళ్ల నాన్నగారు వచ్చి, అబ్బాయి మద్రాసు రైలెక్కాడని, అక్కడ ట్రాకులు పాడే పని దొరికిందని చెప్పి తల దించుకుని నిలబడ్డారు. నేను ఆ బృందంలో రిథమ్ ప్యాడ్లు వాయించేవాడిని. ఆ పెద్దాయనకు కూర్చోమని మేము కుర్చీ కూడా వేయలేదు.

ఆ తరువాత చాలా ఏళ్లు అతని ప్రస్తావన వస్తే మా నోట ఒకటే మాట: ముంచి పోయాడు. పాట బాగుంటుందని ఎవరైనా అంటే, బాగుంటే మాత్రం ఏం లాభం అనేవాళ్లం. నేను ఆ మాటను వెనక్కి తీసుకోవడానికి చాలా కాలం పట్టింది. అందుకు కారణమైనవాడు ఒక ఇంగ్లీషు పాప్ గాయకుడు, పీటర్ గేబ్రియల్. ఆయన దాకా నన్ను తీసుకువెళ్లింది మాత్రం మన పాలకొల్లు మాండలిన్.

మా గోదావరి వైపు వాద్యం పట్టుకున్న ప్రతివాడికీ మాండలిన్ శ్రీనివాస్ అంటే ప్రాణం. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొమ్మిదేళ్ల పిల్లవాడిగా కచేరీ చేసిన మనిషి. విదేశంలో ఉంటున్న మా బావ ఒక సెలవులకు వస్తూ ఆయన సీడీ తెచ్చాడు. పేరు ‘రామ శ్రీరామ’, 1994లో విడుదలైనది. విని విని అట్ట అంచులు నలిగిపోయాయి. ఆ అట్ట మీద రియల్ వరల్డ్ అన్న కంపెనీ పేరు చూసి, మన పాలకొల్లు అబ్బాయి త్యాగరాజ కీర్తనలు ఇంగ్లండు కంపెనీ ఎందుకు వేసిందని అడిగాను. ఆ కంపెనీ పెట్టినవాడు ఒకప్పుడు పెద్ద రాక్ బృందంలో గాయకుడని, పేరు వస్తున్న సమయంలోనే బృందాన్ని వదిలేశాడని బావ చెప్పాడు. ‘వదిలేశాడు’ అన్న మాట వినగానే నాకు మా వాడు గుర్తుకు వచ్చాడు. నిజం చెప్పాలంటే, గేబ్రియల్ కథను నేను మొదట తప్పు పట్టడానికే చదవడం మొదలుపెట్టాను.

ఇంగ్లండులోని సర్రీ ప్రాంతంలో ఛార్టర్‌హౌస్ అనే పాత బోర్డింగు పాఠశాల ఉంది. అక్కడ చదువుకునే పిల్లలు 1967లో కూడి పెట్టుకున్న బృందమే జెనెసిస్. గేబ్రియల్, కీబోర్డు మీద టోనీ బ్యాంక్స్, గిటార్‌తో మైక్ రూథర్‌ఫర్డ్ మొదటి నుంచీ ఉన్నవాళ్లు. డ్రమ్స్ వాయించే ఫిల్ కాలిన్స్ 1970లో వచ్చాడు, ఆ వెంటనే స్టీవ్ హ్యాకెట్ చేరాడు. వాళ్ల సంగీతం మూడు నిమిషాల పాటల సంగీతం కాదు. ఒక పాట ఇరవై మూడు నిమిషాలు నడుస్తుంది. రాగమాలిక విన్న చెవికి అది కొత్తగా అనిపించదు. ఒక భావం నుంచి ఇంకో భావానికి, ఒక లయ నుంచి మరో లయకు జారుతూ, చివరకు మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగుతుంది.

ఇటువంటి సంగీతంలో వాద్యాలు చాలాసేపు మోగుతాయి. గాయకుడికి అంతసేపూ పని ఉండదు. వేదిక మీద చేతులు కట్టుకుని నిలబడటం ఎంత కష్టమో పాడేవాళ్లకు తెలుసు. 1972 సెప్టెంబరు 28న డబ్లిన్‌లోని నేషనల్ స్టేడియంలో, బాక్సింగు పోటీలు జరిగే హాలులో, గేబ్రియల్ పాట మధ్యలో లోపలికి వెళ్లాడు. తిరిగి వచ్చినప్పుడు ఒంటి మీద భార్య ఎర్ర గౌను ఉంది, తల మీద నక్క తల ఉంది. తోటివాళ్లకు ముందుగా ఒక్క ముక్క చెప్పలేదు. ఊహించుకోండి, కీబోర్డు మీద వేళ్లు పరుగెడుతుండగా పక్కకు చూస్తే పగటి వేషగాడిలా నక్క! అది పత్రికల మొదటి పేజీకి ఎక్కింది. అక్కడి నుంచి వేషాలు పెరిగాయి. పువ్వు తల, గబ్బిలం రెక్కలు, ముసలివాడి ముఖం.

వేషం కట్టినవాడినే జనం చూస్తారు. సంగీతంలో సగానికి పైగా కట్టిన బ్యాంక్స్, రూథర్‌ఫర్డ్ వెనకబడ్డారు. పత్రికలు బృందమంటే గేబ్రియల్ అన్నట్టు రాశాయి. ఇందులో మిగిలినవాళ్ల బాధను నేను తేలికగా తీసుకోను. ప్యాడ్ల వెనక కూర్చున్నవాడిని కనుక నాకు తెలుసు. పాట అయ్యాక చప్పట్లు ఎటు వెళతాయో మాకు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది.

1974 వేసవిలో ఇది ముదిరింది. హాంప్‌షైర్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో, ఒకప్పుడు బీదల శాలగా ఉన్నచోట, జంట రికార్డు కోసం పాటలు కడుతున్నారు. మాటలన్నీ తానే రాస్తానని గేబ్రియల్ పట్టుబట్టాడు. మిగతావాళ్లు ఒక గదిలో సంగీతం కడుతుంటే ఈయన ఇంకో గదిలో మాటల దగ్గర ఒంటరిగా కూర్చునేవాడు. అదే సమయంలో హాలీవుడ్ దర్శకుడు విలియం ఫ్రీడ్కిన్ నుంచి కబురు వచ్చింది. ఒక జెనెసిస్ రికార్డు అట్ట వెనక గేబ్రియల్ రాసిన చిన్న కథ చదివి, సినిమాకు ఆలోచనలు ఇవ్వగలవా అని అడిగాడు. పని కొంత కాలం ఆపుదామంటే బృందం కుదరదంది. గేబ్రియల్ లేచి వెళ్లిపోయాడు. తన వల్ల ఒక బృందం విడిపోతోందని తెలిసి ఫ్రీడ్కిన్ వెనక్కు తగ్గాడు. గేబ్రియల్ తిరిగి వచ్చాడు.

ఈ మొదటి నిష్క్రమణను గేబ్రియల్ అభిమానులు త్వరగా దాటేస్తారు. నేను దాటను. అది తప్పు. సగంలో ఉన్న పనిని, నలుగురి బతుకు ఆధారపడిన పనిని, ఒక ఫోన్ కబురుకు వదిలి వెళ్లడం మా వాడు దసరా ముందు చేసిన పనికి అన్న లాంటిది. తిరిగి వచ్చాడు కాబట్టి నష్టం తగ్గింది, అంతే.

అయితే ఆ జూలైలోనే ఇంకొకటి జరిగింది. గేబ్రియల్‌కు మొదటి బిడ్డ పుట్టింది. కాన్పు కష్టమైంది, పాప ప్రాణం మీదికి వచ్చింది. రికార్డింగు వేల్స్‌లో, ఆసుపత్రి లండన్‌లో. తండ్రి రెండింటి మధ్య కారులో తిరిగాడు. స్టూడియోలో ఎదురుచూస్తున్నవాళ్లకు అది పనికి అడ్డంగా కనిపించింది. అందరూ ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లవాళ్లు, తండ్రి కావడం ఏమిటో వాళ్లలో చాలామందికి తెలియదు. తాము అప్పుడు సానుభూతి చూపలేదని ఆ తరువాతి కాలంలో వాళ్లే ఒప్పుకున్నారు. ఒక మనిషి బృందాన్ని వదలాలని నిర్ణయించుకునేది కోపం వచ్చిన రోజున కాదని నా అనుభవం. తన ఇంట్లో ప్రాణం కొట్టుకుంటున్నప్పుడు పక్కవాళ్లు గడియారం చూసుకున్నారే, ఆ రోజున.

ఇక రెండో నిష్క్రమణ. ఈ వ్యాసం దాని కోసమే. 1974 నవంబరులో అమెరికా యాత్ర మొదలైన కొద్ది రోజులకే క్లీవ్‌లాండ్‌లో గేబ్రియల్ తోటివాళ్లకు చెప్పాడు. యాత్ర అయ్యాక వెళ్లిపోతాను అని. బయట ఎవరికీ తెలియకూడదని అందరూ అనుకున్నారు. ఆ తరువాత ఆరు నెలలు, 1975 మే దాకా, దాదాపు వంద కచేరీల యాత్రను ఆ ఐదుగురూ కలిసి పూర్తి చేశారు. ప్రతి రాత్రీ ఆ జంట రికార్డు మొత్తం వాయించాలి. వెనక మూడు తెరల మీద వెయ్యికి పైగా స్లైడ్లు మారాలి. ఒక ఘట్టంలో గేబ్రియల్ ఒళ్లంతా బొడిపెలున్న రాక్షసుడి తొడుగులో వస్తాడు, అందులో మైకు నోటి దగ్గరకు రావడమే గగనం. వెళ్లిపోయేవాడు, ఉండిపోయేవాళ్లు, ఇద్దరికీ సంగతి తెలుసు. అయినా ప్రతి రాత్రీ పాట పూర్తయింది.

నేను బృందంలో పనిచేసినవాడిగా అంటున్నాను, ఇది చిన్న విషయం కాదు. వెళ్లేవాడు ముందే చెప్పడం మర్యాద, అందరూ అంటారు. ముందే చెప్పినవాడిని ఆరు నెలలు అదే వేదిక మీద, అదే వెలుగులో పాడనివ్వడం అంతకంటే పెద్ద మర్యాద. దాని గురించి ఎవరూ మాట్లాడరు. గేబ్రియల్ నిజాయితీగా వెళ్లగలిగాడంటే అందులో బ్యాంక్స్‌కు, రూథర్‌ఫర్డ్‌కు, కాలిన్స్‌కు, హ్యాకెట్‌కు భాగముంది. ఆయన ఏకాకి గాయకుడిగా చేసిన పనుల జాబితా రాస్తే నేను మొదటి వరుసలో ఈ ఆరు నెలలను రాస్తాను.

ఆగస్టులో వార్త బయటికి పొక్కింది. గేబ్రియల్ పత్రికలకు ఒక ఉత్తరం పంపాడు. పాటలు కట్టుకోవడం కోసం కలిసి చేసుకున్న బండి చివరకు తమ మీదే పెత్తనం చేస్తోందని, కోరుకున్న విజయంలోనే తాము బందీలయ్యామని అందులో భావం. తోటివాళ్ల మీద నింద లేదు.

జెనెసిస్ మునిగిపోతుందని పత్రికలు రాశాయి. కొత్త గాయకుడి కోసం ఎందరినో పాడించి చూశారు, కుదరలేదు. చివరకు డ్రమ్స్ వెనక ఉన్న కాలిన్స్ ముందుకు వచ్చి మైకు పట్టుకున్నాడు. 1976 ఫిబ్రవరిలో వచ్చిన వాళ్ల రికార్డు గేబ్రియల్ ఉన్నప్పటి వాటికంటే బాగా అమ్ముడైంది. గేబ్రియల్ వెళ్లి ఉండకపోతే కాలిన్స్ గొంతును లోకం వినేదా? మా ఆర్కెస్ట్రాలో కూడా ఆ దసరాకు కోరస్ పాడే అమ్మాయి ముందుకు వచ్చి పాడింది. అమలాపురం దగ్గర ఒక ఊళ్లో జనం ఆమె చేత ఒకే పాట రెండోసారి పాడించుకున్నారు. ఇన్నేళ్లూ ఆ సంగతి మేము ఎవరికీ చెప్పుకోలేదు, ఎందుకంటే ‘ముంచి పోయాడు’ అన్న మాటకు అది అడ్డం వస్తుంది.

గేబ్రియల్ ఏడాదిన్నర ఇంటిపట్టున ఉన్నాడు. పిల్లను పెంచాడు, తోట పని చేశాడు, పియానో నేర్చుకున్నాడు. 1977లో మొదటి ఏకాకి రికార్డు వచ్చింది. బాత్ నగరం పక్కన సాల్స్‌బరీ అనే చిన్న కొండ ఉంది. ఆ కొండ పేరుతో ఉన్న పాటే బృందాన్ని వదిలిన అనుభవానికి ఆయన ఇచ్చిన రూపం. ఆ పాటను మొదటిసారి విన్నప్పుడు నా వేళ్లు వాటంతట అవే తొడ మీద తాళం వేశాయి: తకిట తకధిమి, తకిట తకధిమి. ఏడు అక్షరాలు, మన మిశ్రచాపు. పాప్ పాటలకు అలవాటైన నాలుగు లెక్క కాదు. వింటుంటే ఒక అడుగు తక్కువైనట్టు, మనిషి కొండ ఎక్కుతూ ఆత్రంగా ముందుకు వాలినట్టు ఉంటుంది. పల్లవి చివర మాత్రం రెండు ఆవర్తాలు నాలుగు లెక్కలోకి వచ్చి నిలదొక్కుకుంటాయి. వెళ్లినవాడి గుండెదడను తాళంలోనే పెట్టాడు. వేషం లేదు, నక్క తల లేదు. నాకు ఆయన పాటల్లో ఇదే అన్నిటికంటే ఇష్టం.

రెండో రికార్డు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మూడోది, 1980లో వచ్చినది, తాళవాద్యం వాయించేవాళ్లందరూ తెలుసుకోవలసినది. మొదటి పాటలో డ్రమ్స్ వాయించింది ఎవరనుకున్నారు? ఫిల్ కాలిన్స్. తన చోట నిలబడి పాడుతున్న మనిషినే గేబ్రియల్ తన రికార్డుకు పిలిచాడు, కాలిన్స్ వచ్చాడు. సింబల్స్ వద్దు, లోహపు చప్పుడు ఏదీ వద్దు అని గేబ్రియల్ షరతు. ఇంజనీరు హ్యూ ప్యాడ్‌గమ్ దెబ్బ పడగానే గది మారుమోగి, ఆ మోత కత్తితో కోసినట్టు ఠక్కున ఆగేలా చేశాడు. ఆ తరువాతి పదేళ్ల పాప్ సంగీతమంతా ఆ డ్రమ్ శబ్దమే. కాలిన్స్ తన మొదటి సొంత హిట్ పాటను నిలబెట్టుకున్నదీ దాని మీదే. నా రిథమ్ ప్యాడ్ల డబ్బాలో ‘గేటెడ్’ అన్న పేరుతో ఒక మీట ఉండేది. పెళ్లి ఊరేగింపు పాటలకు దాన్నే నొక్కేవాడిని. అది విడిపోయిన ఇద్దరు మిత్రులు కలిసి కూర్చున్నప్పుడు పుట్టిన చప్పుడని నాకు అప్పట్లో తెలియదు.

అదే రికార్డు చివరి పాట స్టీవ్ బికో గురించి. దక్షిణాఫ్రికాలో నల్లజాతి చైతన్య ఉద్యమ నాయకుడు, 1977 సెప్టెంబరు 12న పోలీసు నిర్బంధంలో ముప్పై ఏళ్లకే చనిపోయాడు. ఆ పాటను అక్కడి ప్రభుత్వం నిషేధించింది. బృందంలో ఉండి ఉంటే ఐదుగురి అంగీకారంతో ఇటువంటి పాట వచ్చేదని నేను అనుకోను.

1982 జూలైలో షెప్టన్ మాలెట్ అనే ఊళ్లో గేబ్రియల్, మిత్రులు కలిసి వోమాడ్ అనే ఉత్సవం జరిపారు. లోకంలోని అన్ని ప్రాంతాల సంగీతం ఒకే మైదానంలో. బురుండీ నుంచి డప్పుల వాళ్లు వచ్చారు. జనం చాలినంత రాలేదు. అప్పులు మిగిలాయి. అప్పులవాళ్ల బెదిరింపులు గేబ్రియల్ ఇంటికే వచ్చాయి. అప్పుడు ఎవరు ఆదుకున్నారు? జెనెసిస్. అక్టోబరు 2న మిల్టన్ కీన్స్‌లో పాత గాయకుడితో కలిసి ఒక్క రాత్రి కచేరీ చేశారు, వచ్చిన డబ్బు అప్పులకు. వాన కురిసింది. గేబ్రియల్‌ను శవపేటికలో పెట్టి వేదిక మీదికి మోసుకొచ్చారు, అందులోంచి లేచి పాడాడు. 1977లో తానూ బృందాన్ని వదిలిన హ్యాకెట్ చివర్లో వచ్చి గిటార్ అందుకున్నాడు. ఏడేళ్ల కిందట ఎలా విడిపోయారన్నదానికి నాకు దీనికంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

ఎవరు గెలిచారు అని లెక్కలు వేసేవాళ్లకు 1986 జూలై దగ్గర తల తిరుగుతుంది. ఆ నెల 19న అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానం జెనెసిస్‌ది. వారం తిరిగేసరికి, 26న, దాన్ని దించి ఆ చోటికి ఎక్కింది గేబ్రియల్ పాట ‘స్లెడ్జ్‌హామర్’. బృందానికీ, వదిలినవాడికీ, ఇద్దరికీ అమెరికాలో ఒక్కసారే మొదటి స్థానం దక్కింది, అదీ వారం తేడాతో. ఆ పాట వీడియో కోసం గేబ్రియల్ పదహారు గంటలు గాజు పలక కింద పడుకున్నాడు. పైన ఒక్కో ఫ్రేముకు పళ్లు, చేపలు, రంగులు జరుపుతూ తీశారు. మరుసటి ఏడాది ఎమ్‌టీవీ తొమ్మిది బహుమతులిచ్చింది.

ఆ డబ్బు ఎటు వెళ్లిందో చూడండి. విల్ట్‌షైర్‌లో బాక్స్ అనే పల్లెలో పాత మిల్లు కొని స్టూడియో కట్టాడు. 1989లో రియల్ వరల్డ్ రికార్డుల కంపెనీ పెట్టాడు. పాకిస్తానీ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్ కవ్వాలీ పడమటి ఇళ్లకు చేరింది ఎక్కువగా దాని ద్వారానే. శ్రీనివాస్ అక్కడ ‘రామ శ్రీరామ’ తరువాత 1995లో మైఖేల్ బ్రూక్ అనే కెనడా గిటారిస్టుతో ఇంకో రికార్డు చేశారు. తెల్లవాడు మన సంగీతాన్ని పోగుచేసి అంగడిలో పెట్టాడని కొందరు అంటారు. ఆ అనుమానం అక్రమమైనది కాదు, అలా చేసినవాళ్లు ఉన్నారు. నా దగ్గర ఉన్న సీడీ మాత్రం వేరే మాట చెబుతుంది. అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు శ్రీనివాస్‌ది. లోపల ఉన్నది కర్ణాటక సంగీతమే, దాని కింద ఎవరూ గిటార్లు పరవలేదు. ఒకప్పుడు తోటివాళ్ల చప్పట్లన్నీ తన వైపు తిప్పుకున్న నక్క వేషగాడు, వేదిక పక్కకు జరిగి పాలకొల్లు మనిషికి చోటిచ్చాడు. శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న, నలభై ఐదేళ్లకే వెళ్లిపోయారు. ఆ రాత్రి నేను ఆ సీడీ రెండుసార్లు విన్నాను.

2022 మార్చి 26న లండన్ ఓ2 అరీనాలో జెనెసిస్ ఆఖరి కచేరీ జరిగింది. కాలిన్స్ ఆరోగ్యం బాగులేక కుర్చీలో కూర్చుని పాడాడు, డ్రమ్స్ మీద అతని కొడుకు. గేబ్రియల్ వేదిక ఎక్కలేదు. జనంలో కూర్చుని విన్నాడు.

ఆ వార్త చదివిన వారం నేను మా పాత గాయకుడి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. అతను ఇప్పుడు చెన్నైలో పిల్లలకు సంగీతం చెబుతున్నాడు. గొంతు గుర్తుపట్టి ‘అన్నయ్యా’ అన్నాడు. వాళ్ల నాన్నగారి విషయంలో మేము చేసింది తప్పని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆరు రోజుల ముందైనా మాతో ఒక మాట చెప్పి ఉండవలసింది కదా అని అడిగాను, కోపంతో కాదు.

“చెబితే ఆ దసరాకు నాకు మైకు ఇచ్చేవారా అన్నయ్యా?” అన్నాడు.

ఇచ్చేవాళ్లం కాదు. అదే చెప్పాను.